ఆసుపత్రి లీన్ తేలకుండా రిలీజ్ మీద సంతకం చేయొద్దు

ప్రశ్న: నేను టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటున్నాను. విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మ రోడ్డు దాటుతుంటే కారు గుద్ది తుంటి ఎముక విరిగింది. అదే రాత్రి ఆసుపత్రిలో చేర్చాను. ఏయే కాగితాల మీద సంతకం పెట్టానో గుర్తులేదు. బిల్లు 92 వేల డాలర్లు. కారు ఇన్సూరెన్స్ వాళ్లు 30 వేలు ఇస్తామంటున్నారు. ఆ డబ్బు మీద లీన్ (బాకీ రాబట్టుకునే హక్కు) వేశామని ఆసుపత్రి ఉత్తరం పంపింది. నాలుగు నెలలుగా అమ్మ కన్నీళ్లు చూడలేకపోతున్నాను. చెక్కు తీసుకుని ఆమెను గుంటూరు పంపేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. మీ కేసులో ముందు తేలాల్సింది ఒక్కటే: ఆ లీన్ కౌంటీ క్లర్క్ (కౌంటీ రికార్డుల అధికారి) దగ్గర నమోదైందా, లేదా?

టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 55వ అధ్యాయం ప్రకారం, ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు ఆసుపత్రిలో చేరితే, ఎదుటివారి నుంచి వచ్చే పరిహారం మీద ఆసుపత్రికి హక్కు ఉంటుంది. అమ్మగారు అదే రాత్రి చేరారు కాబట్టి అక్కడ వాదనకు చోటు లేదు. కానీ వైద్యం జరిగిన కౌంటీలో, పరిహారం చెల్లించకముందే నోటీసు నమోదై ఉండాలి. మీకు వచ్చిన ఉత్తరం ఒక్కటే చాలదు. కౌంటీ రికార్డుల్లో వెతికించి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

నమోదై ఉంటే, ఆసుపత్రి బాకీ తేలకుండా మీరిచ్చే రిలీజ్, అంటే డబ్బు తీసుకుని ఇక క్లెయిమ్ లేదని రాసిచ్చే పత్రం, చెల్లదు. అందుకే ఇన్సూరెన్స్ వాళ్లు చాలాసార్లు చెక్కు మీద ఆసుపత్రి పేరు కూడా రాస్తారు. అమ్మగారు గుంటూరులో ఉన్నా ఆ డబ్బు మీద లీన్ పోదు. పైగా చేర్చిన రాత్రి మీరు గ్యారంటర్‌గా (బిల్లుకు హామీదారుగా) సంతకం పెట్టి ఉంటే బిల్లు మీ మెడకే చుట్టుకుంటుంది. కంగారులో పెట్టారు, సరే. నాలుగు నెలలైనా ఆ కాగితాల కాపీలు అడగకపోవడం మాత్రం నిర్లక్ష్యమే. ఈ వారమే తెప్పించండి.

92 వేలు చూసి టెన్షన్ పడొద్దు. మొదటి 100 రోజుల ఆసుపత్రి చార్జీలు, లేదా వచ్చిన పరిహారంలో సగం, ఏది తక్కువైతే లీన్ అంతే. 30 వేలకు అది 15 వేలు దాటదు. న్యాయమైన, మామూలు రేటును మించి వేసిన చార్జీలకూ లీన్ వర్తించదు. ఐటమ్ వారీగా బిల్లు తీసుకుని లాయర్‌తో బేరమాడించండి. మిగిలిన బిల్లు బాకీగా ఉంటుంది కాబట్టి దాన్నీ అదే ఒప్పందంలో తేల్చుకోవాలి.

టెక్సాస్‌లో కారు యజమాని ఒక మనిషి గాయాలకు తీసుకోవాల్సిన కనీస ఇన్సూరెన్స్ 30 వేలే. గుద్దిన కారు పాలసీ అంతేనా అని ఆ ఇన్సూరెన్స్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. మీ సొంత కారు పాలసీలో పీఐపీ (తప్పెవరిదైనా వైద్యఖర్చులిచ్చే కవరేజీ), అండర్‌ఇన్సూర్డ్ కవరేజీ (ఎదుటివారి పాలసీ చాలనప్పుడు ఇచ్చేది) ఉన్నాయా, మీ ఇంట్లో ఉంటున్న తల్లికి అవి వర్తిస్తాయా అన్నది చూడండి. సొంత పాలసీ నుంచి వచ్చే ఆ డబ్బు మీద ఆసుపత్రి లీన్ పడదు. విజిటర్ ఇన్సూరెన్స్ ఏమైనా చెల్లించి ఉంటే, తిరిగి రాబట్టుకునే షరతు ఆ పాలసీలో ఉందేమో చదవండి.

దావాకు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్ చూసే అడ్జస్టర్‌తో ఎన్ని ఫోన్లు మాట్లాడినా అది ఆగదు. తప్పు సగానికి మించి అమ్మగారిదేనని తేలితే పైసా రాదు. కాబట్టి పోలీస్ క్రాష్ రిపోర్టు, సాక్షుల నంబర్లు, దగ్గర్లోని షాపుల కెమెరా ఫుటేజీ వెంటనే సేకరించండి. ఫుటేజీ ఇప్పటికే చెరిగిపోయి ఉండొచ్చు, అయినా అడగండి. విమానం ఎక్కేలోపు డాక్టర్ రిపోర్టులు, గాయాల ఫొటోలు, లాయర్ ముందు ఆమె వాంగ్మూలం సిద్ధం చేయించండి.

ఆసుపత్రి తుది మొత్తాన్ని, అది అందాక లీన్ ఎత్తేస్తామన్న మాటను రాతలో ఇచ్చాకే రిలీజ్ మీద అమ్మగారి సంతకం పెట్టించండి.