బొమ్మ ముందు ఇద్దరు

ప్రశ్న: స్నేహితురాలితో చిత్రప్రదర్శనకు వెళ్తే పావుగంటలో హాలంతా చుట్టేస్తాం. ‘బాగుంది’ అనడం తప్ప మాట్లాడుకోవడానికేమీ ఉండదు. గీసినవారి మనసు మాకెందుకు అందదు?

జవాబు: మీరొక్కరే కాదు లెండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సందర్శకులపై 2001లో వెలువడిన అధ్యయనంలో, ఒక్కో కళాఖండం ముందు ఆగిన మధ్యస్థ సమయం 17 సెకన్లే!

ఈసారి మూడు బొమ్మలే చూడండి. పక్కనున్న వివరాల చీటీ ముందే చదివితే కళ్లు అందులో రాసిందే వెతుకుతాయి, దాన్ని చివరికి ఉంచండి. బొమ్మ ఎత్తుకు రెండింతల దూరంలో నిలబడి మూడు నిమిషాలు మౌనంగా చూడండి. తర్వాత దగ్గరికెళ్లి ఓ పక్క నుంచి చూడండి. తైలవర్ణమైతే రంగు గట్లు తేలి కనిపిస్తాయి. సాధారణంగా కుంచె మోపినచోట దట్టంగా ఉండి, పోనుపోను పలచబడుతుంది. చెయ్యి ఎటు కదిలిందో, ఎక్కడ తొందరపడిందో అక్కడే తెలుస్తుంది. పైరంగు కింద పాత గీత తొంగిచూస్తే, గీసేవారు మనసు మార్చుకున్నారన్నమాట.

ఇక మాటలు. ‘నచ్చిందా?’ అంటే అవును, కాదుతో సంభాషణ తెగిపోతుంది. ‘నీ కన్ను ముందు ఎక్కడ ఆగింది?’ అనండి. ఇద్దరివీ వేర్వేరు చోట్లయితే, ఆమె చెప్పిన చోటు నుంచి మీరు మళ్లీ చూడండి. చూపించబోయి వేలు తగిలించకండి సుమా!