కిరాయి లారీ, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ: ఎవరి బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: నాకు ఉన్నది ఒక్కటే పన్నెండు టైర్ల లారీ. నేనే నడుపుకుంటాను. గుంటూరులోని ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ద్వారా నవీ ముంబైలోని వాశి మార్కెట్‌కు ఎండుమిర్చి లోడు తీసుకెళ్లాను. వద్దంటున్నా బస్తాలు ఎక్కువ వేశారు. దారిలో రవాణా అధికారులు పట్టుకుంటే జరిమానా నేనే కట్టాను. వాశిలో మూడు రోజులు బండి ఖాళీ చేయలేదు. తిరిగి వచ్చి బ్యాలెన్స్ కిరాయి అడిగితే తూకం తగ్గిందని కొంత, సరుకు ఆలస్యంగా చేరిందని కొంత కోశారు. మిగతాది రెండు నెలలైనా ఇవ్వడం లేదు. హాల్టింగ్ (బండి నిలిచిన రోజులకు ఇచ్చే డబ్బు) మాటే ఎత్తనివ్వడం లేదు. ఈ కోతలు చెల్లుతాయా?
– ఒక లారీ యజమాని, చిలకలూరిపేట

జవాబు: మీ లోడు విషయంలో రెండు వేర్వేరు ఒప్పందాలు ఉన్నాయి. సరుకు పంపిన వ్యాపారికీ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకీ మధ్య ఉన్నది మొదటిది. దానికి క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 వర్తిస్తుంది. కంపెనీకీ మీకూ మధ్య కుదిరిన కిరాయి మాట రెండోది. అది ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందికి వస్తుంది. బిల్టీ (సరుకు అందుకున్నట్టు ట్రాన్స్‌పోర్టరు ఇచ్చే రశీదు) ఇచ్చిన కంపెనీ, తన నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా, సరుకు నష్టానికి వ్యాపారికి జవాబుదారీ. ఎక్కువ విలువ ప్రకటించి అదనపు ఛార్జీ కట్టి ఉంటే తప్ప ఆ బాధ్యత సాధారణంగా కిరాయికి పది రెట్ల వరకే ఉంటుంది. వ్యాపారి విషయంలో తనపై ఉన్న ఈ బాధ్యతను కంపెనీ మీ బ్యాలెన్స్‌లోంచి తోచినంత కోసుకోవడానికి ఆధారంగా చూపలేదు. మీ వల్ల తనకు నిజంగా నష్టం జరిగిందనీ, అది ఇంత అనీ మీకు చూపించాలి.

తూకం సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే మిర్చి లోడ్లలో కోతలు ఎక్కువగా ఇక్కడే పడతాయి. ఎండుమిర్చిలో మిగిలిన తేమ ఎండల్లో, పైన పట్టా కప్పిన వేడిలో ఆరిపోయి తూకం కొంత తగ్గడం ఆ సరుకు స్వభావం. అది డ్రైవరు తప్పు కాదు. అంతకంటే ముఖ్యంగా, రెండు చోట్లా తూకం ఎలా వేశారో చూడండి. గుంటూరులో ట్యాంకు నిండా డీజిల్‌తో లోడు బండిని కాటా వేసి, వాశిలో ట్యాంకు దాదాపు అడుగంటిన స్థితిలో అదే బండిని కాటా వేసి, రెండు చీటీల మధ్య తేడాను షార్టేజీగా రాశారేమో పరిశీలించండి. 300 లీటర్ల డీజిలే సుమారు 250 కిలోలు తూగుతుంది. లోడు తూకంలోంచి, అదే చోట, అదే కాటాపై వేసిన ఖాళీ బండి తూకం తీసివేస్తేనే సరుకు బరువు తెలుస్తుంది. బిల్టీలో బస్తాల లెక్క ఉండి, కుట్లు చెదరకుండా అన్ని బస్తాలూ ముట్టినట్టు వాశి వ్యాపారి సంతకం చేసి ఉంటే, షార్టేజీ పేరుతో కోసిన సొమ్ము తిరిగి అడగడానికి మీకు గట్టి ఆధారం ఉన్నట్టే. వ్యాపారి కంపెనీకి ఇచ్చిన క్లెయిము ఉత్తరం, డెబిట్ నోట్ (నష్టాన్ని కంపెనీ ఖాతాలో రాసిన చీటీ) ప్రతి ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి. వ్యాపారి అసలు క్లెయిమే చేయకపోతే కంపెనీకి జరిగిన నష్టం ఏమిటన్న ప్రశ్న వస్తుంది.

ఆలస్యం కోతకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. రోజుకు ఇంత అని హైర్ స్లిప్‌లో (కిరాయి షరతులు రాసే చీటీలో) ముందే రాసి ఉన్నా, కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారమే రాబట్టాలి. అదీ ఆలస్యం మీ వల్ల జరిగితేనే. రవాణా అధికారులు బండి ఆపిన సమయం ఎక్కువ లోడు వేసినందువల్ల పోయిందే గనుక, దాన్ని మీ ఒక్కరి ఖాతాలో వేయడం న్యాయం కాదు.

జరిమానా విషయంలో మాత్రం మీకు నచ్చని జవాబు చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ ఎక్కువ లోడుతో బండి నడిపినవారికీ, నడిపించినవారికీ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు దించే ఖర్చు అదనం. ఆర్‌సీలో ఉన్న స్థూల బరువుకు (బండి, సరుకు కలిపిన మొత్తం బరువుకు) మించి లోడు వేయకూడదని క్యారేజ్ బై రోడ్ చట్టం కంపెనీని కూడా కట్టడి చేస్తోంది. అయినా స్టీరింగు మీ చేతిలో ఉంది, బండి మీది. “జరిమానా పడితే మేం చూసుకుంటాం” అని ఆఫీసులో ఎవరైనా మాటిచ్చి ఉన్నా, చట్టవిరుద్ధమైన పనికి సంబంధించిన ఒప్పందం కాబట్టి దాన్ని కోర్టులో అమలు చేయించుకోవడం కష్టం. ఎక్కువ లోడు వేస్తుంటే కదలనని చెప్పే హక్కు మీకు ఉంది, ఆ హక్కు యార్డు దాటాక పనికిరాదు.

హాల్టింగ్‌కు రోజుకు ఇంత అని ఏ చట్టమూ నిర్ణయించలేదు. స్లిప్‌లో ఎన్ని గంటల తర్వాత ఎంత ఇస్తారో రాసి ఉంటే అది కట్టాల్సిందే. రాయకపోయినా మూడు రోజులు బండి నిలిచిన నష్టాన్ని అడగవచ్చు, కానీ రుజువు భారం మీదే. గేటు ఎంట్రీ చీటీ, బండి చేరిందని మీరు పంపిన వాట్సాప్ సందేశం, జీపీఎస్ రికార్డు ఇక్కడ అక్కరకొస్తాయి. బండి నిలిచినప్పుడు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్‌టీ కింద ఉండాల్సిన ఆన్‌లైన్ పత్రం) గడువు కూడా చూసుకోవాలి. అది సాధారణంగా 200 కిలోమీటర్లకు ఒక రోజు. సుమారు వెయ్యి కిలోమీటర్ల ఈ దారికి ఐదు రోజులే. గడువు ముగిసే సమయానికి ఎనిమిది గంటల ముందు, ఎనిమిది గంటల తర్వాత మాత్రమే దాన్ని పొడిగించుకోవచ్చు. బండి ఆగిందని వెంటనే చెప్పడం మీ విధి. పోర్టల్‌లో పొడిగించడం, బిల్లు ఎవరి చేతిలో ఉందో ఆ ట్రాన్స్‌పోర్టరు పని.

ఇక రెండు నెలల బాకీ. అమెరికాలో సొంత ట్రక్కును కంపెనీకి లీజుకిచ్చి నడిపేవారికి డెలివరీ కాగితాలు అందజేసిన 15 రోజుల్లో చెల్లించాలనీ, ఏయే కోతలు ఉంటాయో లీజులోనే రాయాలనీ ఫెడరల్ నిబంధనలు ఉన్నాయి. మనకు లారీ యజమానుల కోసమే ప్రత్యేకంగా అలాంటి నియమం లేదు గానీ, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టాన్ని ఒక్క లారీ ఉన్నవారూ వాడుకోవచ్చు. చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ సంస్థకు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు. గడువు రాసుకోకపోతే అది 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఫిర్యాదు ఈ చట్టం కింద బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేయాలి. ఈ లోడుకు ముందే మీకు నమోదు ఉంటే అభ్యంతరానికి తావుండదు. లేకుంటే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇచ్చి, మూడేళ్లలోపు సివిల్ దావా వేసుకోవాలి.

ప్రశ్న: మాది కాకినాడలో చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. అడ్వాన్స్, డీజిల్ డబ్బులు తీసుకుని బియ్యం లోడుతో బయలుదేరిన ఒక లారీ యజమాని, గతంలో మేము ఇవ్వాల్సిన బాకీ తీరిస్తేనే సరుకు దించుతానని దారిలో బండి ఆపేశారు. ఆయన మీద క్రిమినల్ కేసు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పాత బాకీ ఉందని మీరే ఒప్పుకుంటున్నారు కాబట్టి, పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ముందు ఆ లెక్క తేల్చడం మంచిదని నా అభిప్రాయం. అయితే పాత ట్రిప్పు డబ్బు కోసం మరో వ్యాపారి సరుకును పట్టి ఉంచే హక్కు, ఒప్పందంలో స్పష్టంగా రాసుకుంటే తప్ప, ఆయనకు లేదు. రవాణాకు అప్పగించిన సరుకును దుర్బుద్ధితో అమ్ముకున్నా సొంతానికి వాడుకున్నా భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. కేవలం ఆపి ఉంచడాన్ని కోర్టు అంత తేలికగా ఆ కోవలో చేర్చదు.

వివాదం లేని బాకీని బ్యాంకు ద్వారా పంపి, మిగతాదాని మీద మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలిపి, ఫలానా తేదీకి సరుకు చేర్చమని నోటీసు ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే మరో లారీకి సరుకు మార్చుకుంటామని అందులోనే రాయండి. అలా మార్చేటప్పుడు కొత్త బండి నంబరును ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో నమోదు చేసిన తర్వాతే బండి కదిలించాలి. మార్పిడికి అయిన హమాలీ, అదనపు కిరాయి రశీదులు జాగ్రత్త చేసుకుంటే, ఆయన మాట తప్పినందువల్ల జరిగిన నష్టంగా వాటిని ఆయన కిరాయిలోంచి మినహాయించమని అడగవచ్చు. కానీ పాత బాకీలోంచి మీ అంతట మీరే తగ్గించుకోకండి.