డాగ్ షోలో చిన్న పగ్‌నూ భారీ గ్రేట్ డేన్‌నూ పక్కపక్కన నిలబెట్టి ఎలా పోలుస్తారు?

న్యాయనిర్ణేతలు ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చరు. ప్రతి కుక్కనూ దాని జాతికి రాసిపెట్టిన ప్రమాణంతోనే పోల్చి, తన ప్రమాణానికి ఏది ఎక్కువ దగ్గరగా ఉందో దాన్నే గెలిపిస్తారు. జాతి లక్షణాలను తర్వాతి తరానికి అందించగల కుక్కలను గుర్తించడం ఈ ప్రదర్శనల అసలు ఉద్దేశం కనుక, ఎత్తు, తల ఆకారం, పళ్ల అమరిక, నడక, స్వభావం వంటివన్నీ ఆ ప్రమాణంలో ఉంటాయి. ఉదాహరణకు, లాబ్రడార్‌కు పై పళ్లు కింది పళ్లను ఆనుకుని కాస్త ముందుకు ఉండాలి, బుల్‌డాగ్‌కు మాత్రం కింది దవడే ముందుకు రావాలి. అంటే ఒక జాతిలో దోషమైనది మరో జాతిలో తప్పనిసరి లక్షణం. ముందు సొంత జాతిలో, తర్వాత గ్రూపులో, అంటే ఒకే తరహా జాతులను కలిపిన విభాగంలో, గెలిచినవే చివరి పోటీకి చేరతాయి. సమఉజ్జీలు మిగిలే ఆ దశలో నిర్ణేత అభిరుచికి కొంత చోటుంటుందన్నది నిజమే.

ఆ చివరి పోటీలో ఇచ్చే ‘బెస్ట్ ఇన్ షో’ బహుమతి గెలిచినది అన్నిటికన్నా తెలివైనదనో, ఆజ్ఞలు బాగా పాటిస్తుందనో చాలామంది అనుకుంటారు. విధేయతకు వేరే పోటీలున్నాయి. ఆ బహుమతి వంశపారంపర్య జబ్బులు లేవనడానికి హామీ కూడా కాదు, ఎందుకంటే రింగులో ఎక్స్‌రేలు, జన్యు పరీక్షలు చేయరు.