సొంత టీవీలో ప్రకటనలను ఆపుకోవడం నేరమా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. విశ్రాంత ఉపాధ్యాయుడిని. పాతపట్నంలో స్మార్ట్ టీవీ కొన్నాను. వీడియోల మధ్య ప్రకటనలు ఎక్కువయ్యాయని మా మనవడు వైఫై సెట్టింగుల్లో డీఎన్ఎస్ అంకెలు మార్చితే కొన్ని తగ్గాయి. తర్వాత దుకాణం కుర్రాడు 500 రూపాయలు తీసుకొని పెన్‌డ్రైవ్‌తో ఒక యాప్ వేశాడు. అందులో ప్రకటనలు లేవు సరికదా, డబ్బు కట్టి చూడవలసిన కొత్త సినిమాలు కూడా ఊరికే వస్తున్నాయి. ఇది సైబర్ నేరమని పక్కింటివారు భయపెడుతున్నారు. ఇంకో సంగతి: ప్రకటనలు ఉండవంటే ఏడాది చందా కట్టిన ఒక సంస్థ మధ్యలో ప్రకటనలు మొదలుపెట్టింది. కేసు వేయాలంటే ఎక్కడికి వెళ్లాలి? టీవీ బిల్లు పాతపట్నానిది కాబట్టి శ్రీకాకుళం వెళ్లాలా?

జవాబు: మాస్టారూ, మీ మనవడు చేసిన పని, దుకాణం కుర్రాడు చేసిన పని చట్టం దృష్టిలో ఒకటి కావు. పక్కింటివారు ఆ రెండింటినీ కలిపి చూడడం వల్లనే మీకు ఇంత కలవరం కలిగింది.

ముందుగా మనవడి సంగతి. వీడియో తెరిచినప్పుడు మీ టీవీ, ప్రకటనలు పంపే సర్వర్ (కంప్యూటర్) చిరునామా ఏదని డీఎన్ఎస్‌ను, అంటే ఇంటర్నెట్‌లో పేర్లకు చిరునామా చెప్పే వ్యవస్థను, అడుగుతుంది. మీ మనవడు పెట్టిన డీఎన్ఎస్ ఆ ప్రకటనల సర్వర్ల పేర్లకు చిరునామా చెప్పదు, కాబట్టి ఆ ప్రకటన మీ ఇంటికి రాదు. యూట్యూబ్ ప్రకటనలు వీడియో వచ్చే సర్వర్ల నుంచే వస్తాయి కనుక అవి ఈ పద్ధతికి ఆగవు. మీకు కొన్ని మాత్రమే తగ్గడానికి కారణం అదే. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడడం, దానికి నష్టం కలిగించడం వంటి పనులకు వర్తిస్తుంది. అదే పనిని మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇక్కడ టీవీ మీది, రౌటర్ మీది, అనుమతి కూడా మీదే. సంస్థ సర్వర్‌లోకి ఎవరూ చొరబడలేదు. కాబట్టి ఇందులో నేరం లేదని నా స్థిరమైన అభిప్రాయం. జర్మనీ సర్వోన్నత న్యాయస్థానం 2018 ఏప్రిల్‌లో ఒక ప్రకటనల నిరోధక సాఫ్ట్‌వేర్ కేసులో, అది అన్యాయమైన పోటీ కిందికి రాదని తీర్పు చెప్పింది. అది మన కోర్టులను కట్టుబరచదు గాని, ఆలోచనకు ఉపకరిస్తుంది.

నేరం కాకపోయినా ఒప్పంద ఉల్లంఘన కావచ్చు. సేవలోని ఏ భాగానికీ అడ్డు తగలరాదని యూట్యూబ్ నిబంధనలు చెబుతున్నాయి, వాటికి అంగీకరించే మనం ఖాతా తెరుస్తాం. అయితే ఆ ఉల్లంఘనకు సంస్థ సాధారణంగా చేయగలిగినది వీడియోను ఆపడం, ఖాతాను మూసివేయడం. నష్టపరిహారం కోరాలంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం తనకు కలిగిన నష్టాన్ని రుజువు చేసుకోవాలి.

ఇక ఆ పెన్‌డ్రైవ్ యాప్. దీని విషయంలో నేను మీకు ఏ మాత్రం ధైర్యం చెప్పలేను. చందా కట్టవలసిన సినిమాలను అనుమతి లేకుండా అందించడం 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉల్లంఘన. తెలిసి ఉల్లంఘించినవారికీ, అందుకు తోడ్పడినవారికీ 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని (నకలు తీయకుండా పెట్టిన సాంకేతిక అడ్డును) తప్పించడాన్ని 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రత్యేక నేరంగా పేర్కొంది. డబ్బు తీసుకొని యాప్ వేసిన కుర్రాడికి ఇందులో ప్రమాదం ఎక్కువ. ఇంట్లో చూసినవారికి తక్కువే గాని, విషయం తెలిశాక కూడా దాన్ని ఉంచుకోవడం మంచిది కాదు. ఇంతకన్నా నన్ను కలవరపెడుతున్నది మరొకటి ఉంది. ఆ యాప్ వేయడానికి అతను టీవీ సెట్టింగుల్లో తెలియని చోట్ల నుంచి వచ్చే యాప్‌లకు అనుమతి ఇచ్చి ఉంటాడు. ఆ టీవీలోనే మీ గూగుల్ ఖాతా తెరిచి ఉండవచ్చు. యాప్ తీసేసి, ఆ అనుమతిని మూసి, టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేయించి (కొన్నప్పటి స్థితికి తెప్పించి), ఖాతా పాస్‌వర్డ్ మార్చండి. ఈ పని ఈ రోజే చేయించండి.

చందా కట్టినా ప్రకటనలు చూపిస్తున్న సంస్థ మీద మాత్రం మీకు గట్టి హక్కు ఉంది. 1994 నాటి కేబుల్ టీవీ నియమాలు చానళ్లకు గంటకు 12 నిమిషాల ప్రకటనల పరిమితి పెట్టాయి గాని, అది ఇంటర్నెట్ ప్రసారాలకు వర్తించదు. అందుచేత ఉచితంగా చూసే వీడియోలో ప్రకటనలు ఎక్కువయ్యాయన్న ఫిర్యాదు నిలవడం కష్టం. డబ్బు చెల్లించినప్పుడు మీరు వినియోగదారులు. అమ్మేటప్పుడు ఇచ్చిన మాటను ఏడాది మధ్యలో మార్చడం సేవాలోపమని వాదించవచ్చు. ఇక్కడ ఒక మెలకువ పాటించాలి: ఫిర్యాదులో అన్యాయమైన ఒప్పందం అని రాస్తే అది కటక్‌లోని రాష్ట్ర వినియోగదారుల కమిషన్ పరిధిలోకి పోతుంది, సేవాలోపం అని రాస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు.

శ్రీకాకుళం వెళ్లనవసరం లేదు, మీ గజపతి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. పైగా ఈ వివాదానికి టీవీ బిల్లుతో సంబంధమే లేదు. 1986 నాటి పాత వినియోగదారుల రక్షణ చట్టం కింద ఎదుటి పక్షం ఉన్న చోటికో, వివాదానికి కారణం పుట్టిన చోటికో వెళ్లవలసి వచ్చేది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోని 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలు కల్పించింది. సరిహద్దున ఉండే మనబోటివారికి ఇది ఎంతో మేలు చేసిన మార్పు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి రుసుము లేదు, గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలా తగాదాలు అక్కడే తీరుతాయి.

సాక్ష్యం ఇప్పటినుంచే కూర్చుకోండి. చందా కట్టిన రోజు వచ్చిన రసీదు, ప్రకటనలు ఉండవన్న సందేశం, సినిమా మధ్యలో ప్రకటన వస్తుండగా టీవీ తెరను తేదీ, సమయం తెలిసేలా ఫోన్‌తో తీసిన వీడియో, ఈ మూడూ కావాలి. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి. డీఎన్ఎస్ మార్పును ఆ వీడియో తీసే ముందు తాత్కాలికంగా తీసేయించండి. లేకపోతే మీరే సేవకు అడ్డు తగిలారని సంస్థ న్యాయవాది వాదిస్తారు.