ప్రోగ్రామ్ కరెక్టే, పీస్ ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మాది చిత్తూరు. మావాడు తిరుపతిలో మెకానికల్ డిప్లొమా చేసి, రేణిగుంట దగ్గర ఒక షాపులో రెండేళ్లుగా సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే మిషన్) మీద ఉన్నాడు. ఈమధ్యే ఫైవ్ యాక్సిస్ (ఐదు రకాలుగా కదిలే) మిషన్ అప్పగించారు. ప్రోగ్రామ్ బాగానే ఉన్నా పీసులు రిజెక్ట్ అవుతున్నాయని ఒకటే టెన్షన్. అరవై వేలు కట్టి, మిషన్ ప్రోగ్రామ్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తానంటున్నాడు. చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ఆ అరవై వేలు కొన్నాళ్లు బీరువాలోనే ఉండనివ్వండి. టూల్ పోవాల్సిన దారి ఒకటి, పోతున్న దారి ఇంకొకటి. ఆ తేడా ఎక్కడ పుడుతోందో క్యామ్ కోర్సులో పెద్దగా చెప్పరు.

మిషన్‌లో ప్రతి యాక్సిస్సూ కమాండ్ కంటే కాస్త వెనకే నడుస్తుంది. ఫీడ్, అంటే టూల్ కదిలే వేగం, పెంచేకొద్దీ ఆ వెనకబాటూ పెరుగుతుంది. ఎక్స్, వై రెండూ సమానంగా వెనకబడితే గీత గీతలాగే వస్తుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే గుండ్రం కాస్తా కోలగా సాగుతుంది. మూలల సంగతి వేరు. ప్రోగ్రామ్‌లో జీ64 కోడ్ ఉంటే వేగం పోకుండా మూలను గుండ్రం చేసుకుంటూ పోతుంది. జీ61 పెడితే మూల మూలకీ ఆగి తిరుగుతుంది. మూల పదునుగా వస్తుంది, టైమ్ మాత్రం తినేస్తుంది. ప్రోగ్రామ్‌లో ముందున్న బ్లాకులు (లైన్లు) చదువుకుని మూల రాకముందే ఫీడ్ తగ్గించే లుక్ అహెడ్ వచ్చింది ఈ ఇబ్బందికే.

ఫైవ్ యాక్సిస్‌లో తిరిగే టేబుల్ కూడా తోడవుతుంది. సెంటర్ నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో 0.01 డిగ్రీ తప్పితే అంచు దగ్గర 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పోయినట్టే. దానికి తోడు మన ఎండలు. మీటరు స్టీలు ఒక్క డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. పొద్దున కరెక్టుగా వచ్చిన పీస్ మధ్యాహ్నం తప్పితే మీవాణ్ణి తిట్టి లాభం లేదు.

సూపర్‌వైజర్‌ని అడిగి ఒక పని చేయమనండి. టేబుల్‌కి డయల్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే గేజ్) ఆనించి, హ్యాండ్‌వీల్‌తో ఒకవైపే క్లిక్కుకి 0.01 మిల్లీమీటరు చొప్పున జరపాలి. తర్వాత వెనక్కి తిప్పాలి. ఎన్ని క్లిక్కులు పోయాక ముల్లు కదిలిందో అదే బ్యాక్‌లాష్, అంటే యాక్సిస్‌లో ఉన్న వదులు. ఆ తర్వాత అల్యూమినియం స్క్రాప్ మీద ఒకే గుండ్రాన్ని నిమిషానికి 500 మిల్లీమీటర్ల ఫీడ్‌లో ఒకసారి, 3000లో ఒకసారి, పల్చటి కట్‌తో కోసి కొలవాలి. నెమ్మదిగా కోసింది బాగుండి వేగంగా కోసింది తప్పితే సర్వో (యాక్సిస్‌లను నడిపే మోటార్ల) సెట్టింగుల వైపు చూడాలి. రెండూ ఒకేలా తప్పితే బ్యాక్‌లాషో, యాక్సిస్‌ల మూలమట్టమో (ఒకదానికొకటి 90 డిగ్రీల్లో లేకపోవడమో) కారణం. ఈ కొలతలన్నీ తేదీతో, టైమ్‌తో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. హోసూరులోనో, శ్రీపెరంబుదూరులోనో ఇంటర్వ్యూకి వెళ్తే సర్టిఫికెట్ కంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ మాట్లాడుతుంది.

చదువు మాటకొస్తే, డిప్లొమా వాళ్లకి పెట్టే ఎంట్రన్స్ ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 200 మార్కుల్లో లెక్కలకి 50. డిప్లొమా లెక్కలు మర్చిపోయానంటాడు, అందరూ అనేదే. మ్యాట్రిక్స్‌లు మాత్రం వదలొద్దని చెప్పండి, టేబుల్ తిరిగినప్పుడు టూల్ మొన ఎక్కడుంటుందో లెక్కకట్టేది వాటితోనే. ఉద్యోగం మానకుండా నేర్చుకోవాలంటే హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) షార్ట్ కోర్సులు ఒకసారి చూడండి.

రెండు నెలల తర్వాత కూడా ఆ సాఫ్ట్‌వేర్ కోర్సే కావాలంటే, డబ్బు కట్టేముందు పోస్ట్ ప్రాసెసర్‌ని (క్యామ్ గీసిన దారిని మిషన్ కోడ్‌గా మార్చే భాగాన్ని) సవరించడం నేర్పుతారా అని అడగమనండి. బటన్లు నొక్కడం వరకే అయితే యూట్యూబ్ చాలు.