యాప్‌లో 96 మార్కులు, ఆఫీసులో కునికిపాట్లు

ప్రశ్న: మావారికి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు). రెండు నెలలుగా సీపాప్ మెషీన్ (మాస్కులోంచి గాలి ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) వాడుతున్నారు. ఆ మెషీన్‌తో వచ్చే మైఎయిర్ యాప్‌లో రోజూ స్కోరు 96, ఏహెచ్‌ఐ 2 చూపిస్తోంది. గురక పోయింది. కానీ ఆఫీసులో కుర్చీలోనే తూగుతున్నానంటారు. మెషీన్‌ని నమ్మాలా, ఆయన్నా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇద్దర్నీ నమ్మండి. ముందు ఆ 96 దేనికిచ్చిన మార్కులో చూద్దాం. ఆ యాప్ వందలో 70 మార్కులు మాస్కు పెట్టుకున్న గంటలకే ఇస్తుంది. గాలి లీకు కాకపోతే 20, మాటిమాటికీ మాస్కు తీయకపోతే 5. ఊపిరి ఎన్నిసార్లు ఆగిందన్న అసలు సంగతికి మిగిలేది 5. హాజరు బాగుందని ఫస్ట్ క్లాసు ఇచ్చినట్టన్నమాట. వాడకం అలవాటయ్యేదాకా ఆ స్కోరు పనికొస్తుంది. ఇక చూడకండి.

ఏహెచ్‌ఐ కాస్త నయం. కనీసం 10 సెకన్లపాటు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకు సగటున ఎన్నిసార్లు జరిగిందో చెబుతుంది. 5 లోపుంటే మంచిదే. చిక్కంతా ఆ ‘సగటు’తోనే. ఏడు గంటలకు 2 చొప్పున 14 సార్లు. అవి రాత్రంతా చెదురుమదురుగా వస్తే పర్లేదు. తెల్లవారుజామున కలలొచ్చే నిద్రలో అన్నీ ఒకే గంటలో వస్తే ఆ గంట నిద్ర పాడైనట్టే. పైగా ఆయన నిద్రపోయారో లేదో మెషీన్‌కి తెలీదు. మాస్కు పెట్టుకుని గంటసేపు ఫోన్ చూసినా ఆ గంటనీ భాగహారంలో కలిపేసుకుంటుంది, సగటు తగ్గిపోతుంది.

అందుకే రాత్రి మొత్తం గ్రాఫు చూడాలి. మెషీన్‌లో ఎస్‌డీ కార్డు ఉంటే, దాని పక్కనున్న చిన్న లాక్ మీట జరిపి (లేకపోతే కంప్యూటర్ అందులో ఏదో ఒకటి రాసేస్తుంది) ఆస్కార్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. ఊపిరి గీతను పెద్దది చేసి చూస్తే, లోపలికి పీల్చే గాలి గుండ్రటి గుట్టలా ఉండాలి. పైభాగం చదునుగా కనిపిస్తుంటే గొంతు దారి ఇంకా ఇరుగ్గానే ఉన్నట్టు. ఇది ఏహెచ్‌ఐలో లెక్కకు రాదు, నిద్రను మాత్రం చెడగొట్టగలదు. ఆ స్క్రీన్‌షాట్ డాక్టరుకు చూపించండి.

మీవారి మాటనీ అంకెల్లో పెట్టండి. ఎప్‌వర్త్ స్కేల్ అని 1991లో ఆస్ట్రేలియా డాక్టర్ ముర్రే జాన్స్ ఇచ్చిన ఎనిమిది ప్రశ్నలున్నాయి: టీవీ చూస్తుంటే, కారులో కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుందా అని. మొత్తం 24కి 10 దాటితే మగత ఎక్కువన్నట్టే. నెలకోసారి రాయించండి. అన్నం తిన్నాక పది నిమిషాల కునుకు మనిళ్లలో జబ్బు కాదు, కానీ ఆ ప్రశ్నా అందులో ఉంది, ఉన్నదున్నట్టు రాయమనండి! పడుకునేది ఐదు గంటలే అయినా, థైరాయిడ్ తేడా ఉన్నా, రోజూ జలుబు మాత్ర వేసుకుంటున్నా మగత వస్తుంది. అది మెషీన్ తీర్చేది కాదు.

ప్రశ్న: సీపాప్ వాడుతున్నా నా ఏహెచ్‌ఐ 11. కానీ నాకు హాయిగానే ఉంది. వదిలేయొచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. ఏళ్లతరబడి సగం నిద్రకు అలవాటుపడ్డవాళ్లకి కొంచెం మెరుగైనా హాయే. బీపీ పెరిగినా ‘హాయి’కి తెలీదు. ఆ 11లో రకాలు చూడండి. ‘అబ్‌స్ట్రక్టివ్’ అంటే గొంతు మూసుకుపోతోంది. ప్రెషర్ చాలకో, మాస్కు లీకయ్యో కావచ్చు. ‘క్లియర్ ఎయిర్‌వే’ అంటే దారి తెరిచే ఉంది, ఊపిరి తీయమని మెదడే చెప్పట్లేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో ఇది కొన్ని వారాల్లో తగ్గిపోవడం మామూలే. వీటికి ప్రెషర్ పెంచితే ఇంకా ఎక్కువ కావచ్చు. కాబట్టి యూట్యూబ్ చూసి మెషీన్‌లో డాక్టర్ల కోసం ఉన్న క్లినికల్ మెనూలో వేలు పెట్టకండి.

ప్రశ్న: యాపిల్ వాచీలో స్లీప్ ఆప్నియా అలర్ట్ రాలేదు. సీపాప్ మానేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో అనుమతించిన ఆ ఫీచరు, జబ్బు ఉందని ఇంకా తేలనివాళ్ల కోసం. మీకు తేలింది. అలర్ట్ రాకపోవడాన్ని లెక్కలోకి తీసుకోకండి. మానాలనిపిస్తే మీ డాక్టరునడిగి మళ్లీ స్లీప్ టెస్టు చేయించుకోండి, ఇంట్లో చేసేవీ ఉన్నాయి.