పుట్టబోయే బిడ్డకి బొంత

చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

బొంత కుడదామని షాపులో కొత్త గుడ్డ, లోపల పెట్టడానికి పాలిస్టర్ దూది కొన్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఫొటో చూపించింది. రంగులు బాగున్నాయి గానీ, కొత్త గుడ్డతో బొంత ఏమిటే! వాటితో కుర్చీకి దిండ్లు కుట్టుకో. దూది తిరిగిచ్చెయ్.

మీ అమ్మ నా కడుపున ఉన్నప్పుడు నేనూ ఇదే తప్పు చేశాను. లోపల పాత చీరలు పెట్టి, చూడటానికి బాగుంటుందని పైన కొత్త పాప్లిన్ వేశాను. మొదటి ఉతుకులోనే పాప్లిన్ ముడుచుకుపోయింది. లోపలి చీరలు అంతకుముందే ముడుచుకోవాల్సినంత ముడుచుకున్నాయి కదా, అవి కదల్లేదు. బొంతంతా కాకరకాయలా బుడిపెలు. మీ ముత్తమ్మమ్మ నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తే. కూర్చుని మొత్తం విప్పాను.

అందుకే బాగా నలిగిన నూలు చీరలే తీసుకో. ఒక చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది. మీటరు పొడవున కోస్తే ఐదు ముక్కలు వస్తాయి. చంటిబిడ్డకి ఆ ఐదు పొరలు చాలు, అంతకు మించొద్దు. పొరలు పెరిగేకొద్దీ బొంత ఆరదు. పక్క తడిపే బిడ్డకి రోజూ ఉతకాలి మరి. చీర ఎప్పుడూ కూర్చునే చోట, కింది అంచు దగ్గర ముందు చివుకుతుంది. ఆ ముక్కల్ని లోపలికి వెయ్యి, పమిట వైపు గట్టి ముక్కలు పైకీ కిందకీ. పట్టు, జరీ దగ్గరికి రానీయకు. జరీ గుచ్చుకుంటుంది. నైలాన్ చెమట పీల్చదు.

నేల మీద పరిచి మూలల్లో బరువులు పెట్టు. ముందు విడివిడిగా పెద్ద కుట్లు వేసి పొరల్ని పట్టించు, అవి తర్వాత లాగేయొచ్చు. అసలు కుట్టు నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకి రా. అంచుల నుంచి వస్తే గుడ్డ మధ్యలో పోగుపడుతుంది.

అయితే మీ తాతయ్యకి ధార్వాడ్ వైపు ఉద్యోగమైనప్పుడు, హళియాళ దగ్గర సిద్దీ ఆడవాళ్లు సరిగ్గా తలకిందులుగా కుట్టడం చూశాను. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. ఒక మూల మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. ఒక్క ముడత పడదు! చెయ్యి తిరిగినవాళ్లు. చివర్లో నాలుగు మూలలా ముక్కోణంగా మడిచిన గుడ్డలు కుడతారు, వాటిని ఫులా అంటారు. అవి లేని బొంత వాళ్ల కంటికి బోసిగా ఉన్నట్టేనట. అప్పటినుంచీ నేనూ పెడుతున్నాను. నువ్వూ పెట్టు, కానీ బిడ్డ నోట్లో పెట్టుకుని పీకకుండా గట్టిగా కుట్టు.

దబ్బనం తీయకు, అది గోనెసంచులకి. బెజ్జం కాస్త పెద్దదైన చేతి సూది చాలు. దారం నూలుదే. బెంగాల్లో పూర్వం కంథ, అంటే వాళ్ల బొంత, కుట్టడానికి పాత చీర అంచుల్లోంచే రంగు పోగులు లాగి వాడేవాళ్లు. నీకంత ఓపిక లేదులే, రీలు కొనుక్కో. కుట్టు బియ్యపు గింజంత ఉండాలి. పొడుగైతే బిడ్డ కాలి వేలు ఇరుక్కుంటుంది. వరసలు వంకరపోతున్నాయని టెన్షన్ పడుతున్నావట. పోనీ! నా వరసలు మాత్రం తిన్నగా ఉన్నాయా?

ఇది బిడ్డ కిందికే. పైన కప్పడానికి కాదు, ముఖం మీదికి జరుగుతుంది.

నా ఎర్రంచు చీర మీ అమ్మతో పంపుతున్నాను. గంజి పెట్టి ఉంది, రాత్రంతా నానబెట్టి రెండుసార్లు ఉతికాక కొయ్యి. కుచ్చిళ్ల దగ్గర చిన్న చిరుగుంది. దాన్ని లోపలి పొరలోకి వెయ్యి.

మీ అమ్మమ్మ